పాట కురచవడానికి శ్రోతను నిందించవద్దు

సంపాదకులకు నమస్కారం.

సినిమా పాటల నిడివి ఏటికేడు తగ్గిపోతున్నదని, ఈ కాలపు శ్రోతకు ఓపిక నశించడమే అందుకు కారణమని ఇటీవల మీ పత్రిక ఆదివారం పుటల్లో ఒక వ్యాసం వచ్చింది. పాటలు కురచవుతున్నాయన్న మాట నిజమే. అందుకు శ్రోతను ఒక్కడినే దోషిగా నిలబెట్టడం మాత్రం న్యాయం కాదు. నేను ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పిల్లలకు లలిత సంగీతం నేర్పుతాను. పెళ్ళిళ్ళ సీజనులో, ఇక్కడివాళ్ళు ‘మెలోడీ’ అని పిలిచే ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాను. పాటను రోజూ చేత్తో పట్టుకుని చూసేవాడిగా, దాన్ని ఎవరు కత్తిరిస్తున్నారో, ఆ కత్తిరింపులో మాలాంటి సరిహద్దు తెలుగువాళ్ళం ఏం పోగొట్టుకుంటున్నామో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాట కొలతను మొదటినుంచీ నిర్ణయిస్తూ వచ్చింది దాన్ని మోసే సాధనమే. 1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు, గంటసేపు విస్తరించగల రాగాన్ని మూడు నిమిషాల్లోకి కుదించి పాడవలసి వచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపున మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర నిమిషాలు మాత్రమే పట్టేవి. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు మన సినిమా పాట, లలిత గీతం, హరికథ ముక్క, నాటక పద్యం అన్నీ ఆ కొలతకే ఒదిగాయి. సినిమాలో మూడు చరణాలున్న పాట రికార్డులోకి వచ్చేసరికి రెండు చరణాలతో సరిపెట్టుకునేది. మరీ పొడవైతే ఒక సగం ఈ వైపున, మిగతా సగం ఆ వైపున వేసేవారు. అందుచేత పాట చిన్నదవడం ఈనాటి వింత కాదు. మూడు నిమిషాల పాటను చూసి తలపట్టుకునేవారు, మన పాటల్లో అత్యుత్తమమైనవి ఎన్నో ఆ మూడు నిమిషాల్లోనే పుట్టాయని గుర్తుంచుకోవాలి.

సాలూరు దగ్గరి ఘాటు ఎక్కి దాటితే మా కొరాపుట్ జిల్లా వస్తుంది. ఆ సాలూరు ప్రాంతంలోని శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారు సినిమాల్లో పేరు రాకముందే, ఇంకా కుర్రతనంలోనే, గ్రామఫోను రికార్డులకు లలిత గీతాలు పాడారు. వాటిని ఈనాటికీ పిల్లలకు నేర్పుతున్నాను. ఒక్కొక్కటి మూడు నిమిషాల చిల్లరే. అందులోనే పల్లవి, అనుపల్లవి వంటి ఎత్తుగడ, రెండు మూడు చరణాలు, ప్రతి చరణంలో ఒక కొత్త భావం, మళ్ళీ పల్లవిలోకి దిగే అందం, అన్నీ ఉంటాయి. సమయం తక్కువ కాబట్టి వాళ్ళు వాద్యాల సొద తగ్గించుకున్నారు, ఆలాపన తగ్గించుకున్నారు, సాహిత్యాన్ని తగ్గించుకోలేదు. ఇప్పటి కురచతనానికీ అప్పటి కురచతనానికీ ఉన్న తేడా ఇక్కడే ఉన్నది.

1948లో ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డు వచ్చి ఒక్కో వైపున ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. మన దేశంలో 1980లలో క్యాసెట్లు ఇంటింటికీ చేరాక పాట హాయిగా ఒళ్ళు విరుచుకుంది. అప్పట్లో బరంపురంలో, ఇచ్ఛాపురంలో, పర్లాకిమిడిలో రికార్డింగు షాపులు ఉండేవి. మనకు కావలసిన పాటలను నోటు పుస్తకం కాగితం మీద వరసగా రాసి ఇస్తే, ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి రెండు రోజుల్లో చేతికిచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. షాపులో కుర్రవాడు ఒక్కో పాట పక్కన దాని నిమిషాలు రాసి కూడుకునేవాడు. అయిదేసి నిమిషాల పాటలైతే వైపుకు ఆరు సరిపోయేవి. ఏడో పాట రాసి తెస్తే ‘తెగిపోతుందండీ’ అని ముందే చెప్పేవాడు. ఆఖరి పాట చరణం మధ్యలో టేపు అయిపోతే కొనుక్కున్నవారు ఊరుకునేవారు కాదు, వెనక్కి తెచ్చి తగువు పెట్టుకునేవారు. పాట పూర్తిగా ఉండడం శ్రోత తన హక్కుగా భావించిన కాలమది. ఆ శ్రోతలూ వాళ్ళ పిల్లలే ఇప్పుడు ఫోనుల్లో వింటున్నారు. మనుషులు అంతలోనే వేరే జాతిగా మారిపోయారని నేను నమ్మలేను.

మారింది లెక్క. రికార్డు, క్యాసెట్టు కొనేవాడు ముందే డబ్బు కట్టేవాడు; ఆ పైన ఎన్నిసార్లు విన్నా, ఎంతసేపు విన్నా కంపెనీకి పట్టేది కాదు. స్ట్రీమింగులో, అంటే పాటను కొనకుండా ఇంటర్నెట్ ద్వారా వినే పద్ధతిలో, అలా కాదు. స్పాటిఫై వంటి సేవలో ఒక పాటను 30 సెకన్లు వింటే ఒక వినికిడిగా లెక్కిస్తారు. చందాల మీద, ప్రకటనల మీద వచ్చిన సొమ్ములో హక్కుదారులకు వెళ్ళే భాగాన్ని ఒకచోట పోసి, మొత్తం వినికిడుల్లో ఎవరి పాటలకు ఎంత వంతు వచ్చిందో చూసి పంచుతారు. పాట రెండు నిమిషాలదైనా, ఆరు నిమిషాలదైనా అది ఒక్క వినికిడే. ఒక మనిషి గంటసేపు వింటే అయిదు నిమిషాల పాటలు పన్నెండు పడతాయి. రెండున్నర నిమిషాల పాటలు ఇరవై నాలుగు పడతాయి. విన్నవాడి సమయం అదే, చెవి అదే. లెక్క మాత్రం రెట్టింపయింది. తూకం చూడకుండా బస్తాకింత అని కూలి కట్టేచోట బస్తాలు చిన్నవవుతాయి. అందులో కూలివాడి తప్పు కన్నా ఆ పద్ధతి పెట్టినవాడి తప్పే ఎక్కువ.

మన సినిమాల్లో ఆడియో హక్కులను నిర్మాత ఒక సంస్థకు గంపగుత్తగా అమ్ముతాడు. పెట్టిన పెట్టుబడిని ఆ సంస్థ వినికిడుల మీద, యూట్యూబ్ ప్రకటనల మీద రాబట్టుకోవాలి. కాబట్టి ‘ఎంత పొడవుండాలి’ అన్న ప్రశ్న ట్యూను కట్టేటప్పుడే బల్ల మీదికి వస్తుంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి గీత రచయితకూ, సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా ఇవ్వవలసిందేనన్నారు; చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని అది. అయితే స్ట్రీమింగులో ఆ వాటా కూడా పాట ఎన్నిసార్లు మోగిందన్న లెక్క మీదే ఆధారపడుతుంది కాబట్టి, మూడో చరణం రాసిన కవికి ఆ చరణం వల్ల అదనంగా ఒక్క పైసా రాదు.

ఇది తెలుగు సినిమాకే పట్టిన సంగతి కాదు. అమెరికాలో వారం వారం ఎక్కువ ఆదరణ పొందిన పాటలను వరస కట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలోని పాటల సగటు నిడివి 2013లో 3 నిమిషాల 50 సెకన్లు ఉండగా, 2018 నాటికి సుమారు మూడున్నర నిమిషాలకు దిగింది. 2019లో రెండు నిమిషాలు కూడా నిండని ఒక పాట ఆ జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. పాట ఆరంభం కూడా అలాగే కుదించుకుపోయింది. 1986 నుంచి 2015 వరకు అమెరికాలో బాగా వినిపించిన పాటలను అక్కడి ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడు కొలిచి చూస్తే, 80ల మధ్యలో గొంతు వినిపించడానికి ముందు ఇరవై సెకన్లకు పైగా ఉండే వాద్య సంగీతం, చివరికి అయిదు సెకన్లకు చేరిందని తేలింది. ఎందుకు? 2014లో స్పాటిఫై వినియోగ లెక్కలను విశ్లేషించినప్పుడు, మొదలుపెట్టిన పాటల్లో దాదాపు నాలుగో వంతు మొదటి అయిదు సెకన్లలోనే దాటవేతకు గురవుతున్నాయని, సగానికి సగం చివరిదాకా వినబడడం లేదని వెల్లడయింది. ముప్ఫై సెకన్ల గడప దాటకపోతే రాబడి లేదు; అందుకే వేణువుతోనో, వయొలిన్లతోనో నెమ్మదిగా తలుపు తీసే పాటలు పోయి, మొదటి క్షణంలోనే ఊతపదంతో మీద పడే పాటలు వచ్చాయి.

ఇక్కడ మీ వ్యాసకర్త ‘చూశారా, శ్రోతకే ఓపిక లేదు’ అనవచ్చు. నా సమాధానం ఇది. వేల పాటలు ఒక వేలి దూరంలో ఉన్నప్పుడు ఎవరైనా పక్కకు జరుపుతారు. క్యాసెట్టు ముందుకు తిప్పాలంటే శ్రమ, అందుకని తిప్పలేదు; అంతే తప్ప అప్పటివాళ్ళు మునులు కారు. నచ్చినది దొరికితే ఈ శ్రోతే కదలకుండా కూర్చుంటాడు. 2021 నవంబరులో పది నిమిషాలకు పైబడిన పాట ఒకటి అదే హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. మన కుర్రవాళ్ళు మూడు గంటల సినిమాను థియేటరులో రెండోసారి చూస్తున్నారు. వెబ్ సిరీసులను రాత్రంతా మేలుకుని ముగిస్తున్నారు. మా గంజాంలో చైత్రమాసంలో దండనాట అనే జానపద ప్రదర్శనకు తెల్లవార్లూ జనం కూర్చుంటారు, వాళ్ళలో ఫోను లేనివాడు ఉండడు. బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి జాతరలో వారాల తరబడి రాత్రిళ్ళు వేషాలూ వాద్యాలూ నడుస్తూనే ఉంటాయి. ఓపిక లేని జనం ఇలా ఉండరు.

రీల్స్ సంగతి కొంచెం వేరు. 2016లో జియో రాకతో డేటా చవకైంది. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించగా, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడ మొదలయ్యాయి. అప్పటినుంచి పాటకు ప్రచారం జరిగేది పదిహేను, ముప్ఫై సెకన్ల ముక్క ద్వారానే. ఆ ముక్కలో నాలుగు అడుగులు వేయడానికి వీలుండాలి, ఒక మాట నాలుక మీద నిలవాలి. ఆ ముక్కను ముందు తయారుచేసి, మిగతా పాటను దాని చుట్టూ అల్లే పద్ధతి పెరిగింది. ఇందులో నైపుణ్యం లేదని అనను. పదిహేను సెకన్లలో లక్షలమందిని లేపి నిలబెట్టడం చిన్న విద్య కాదు. అయితే ఆ ముక్క అయిపోయాక పాట ఎటు పోవాలో దాన్ని కట్టినవారికే తెలియనట్టు ఉంటున్నది. అదే ముక్క మూడుసార్లు, నాలుగుసార్లు తిరిగి వచ్చి పాట ముగుస్తున్నది.

నా బాధ నిమిషాల గురించి కాదు, చరణం గురించి. తెలుగు పాటలో పల్లవి ఒక మాట అంటుంది. చరణం ఆ మాటను నడిపిస్తుంది. మొదటి చరణంలో ఉదాహరణ, రెండో చరణంలో మలుపు, మూడోది ఉంటే అందులో ఆ పాత్ర మనసు లోతు. పల్లవి ఒక్కటే అయినా ప్రతిసారీ చరణం నుంచి తిరిగి వచ్చేటప్పుడు దాని అర్థం కొంచెం మారి ఉంటుంది. కృతిలోనూ కీర్తనలోనూ మన పెద్దలు ఇదే పద్ధతి పాటించారు. పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళ పాటల్లోనూ ఇదే ఉన్నది. ఇప్పుడు రెండో చరణం అనేది చాలా పాటల్లో కనిపించడం లేదు. దానితోపాటు రెండో చరణానికి ముందు వేరుగా కట్టే వాద్య సంగీతం కూడా పోయింది. పాత పాటల్లో మొదటి బీజీఎం ఒకలాగా, రెండో బీజీఎం ఇంకొకలాగా ఉండేవి. మా మెలోడీల్లో వేణువు వాయించేవారికి, వయొలిన్ వాయించేవారికి చప్పట్లు పడేది అక్కడే. ఈనాటి పాటల వరసే వాయించమన్న రాత్రి వేణువు కళాకారుడు వేదిక మీద చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తున్నది. క్రమంగా ఆయనను పిలవడమే మానేస్తున్నారు.

ఊరేగింపులో, విందు దగ్గర కొత్త పాట కావాలని కుర్రవాళ్ళు చీటీ పంపిస్తారు. మేము మొదలుపెడతాము, వాళ్ళు లేచి వచ్చి వరస కట్టేసరికి పాట అయిపోతుంది. ‘మళ్ళీ కొట్టండి’ అంటారు. మళ్ళీ అదే పల్లవి. మూడోసారి వాయిస్తుంటే గాయకుడి ముఖంలోనే విసుగు కనిపిస్తుంది. అప్పుడు ఎవరో ఒక పెద్దాయన లేచి పాత పాట అడుగుతారు. ఆ పాట అయిదు నిమిషాలు నడుస్తుంది, ఆ కుర్రవాళ్ళే దానికీ ఆడతారు, రెండో చరణం దగ్గర ఆడడం ఆపి వింటారు కూడా. ఇది నేను ప్రతి సీజనులోనూ చూస్తున్నాను.

ఇక మా సరిహద్దు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మా బరంపురం, పర్లాకిమిడి ఇటు వచ్చాయి. జనం నోటి తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు దశాబ్దాలపాటు ఉన్న ఊరు ఆ పర్లాకిమిడే. ఇక్కడ ఒడియావారితో మేము అన్నదమ్ముల్లాగే ఉంటున్నాము. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు. తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. పుస్తకం ద్వారా, పత్రిక ద్వారా దొరకవలసిన తెలుగు వాళ్ళకు దొరికేది పాట ద్వారానే. మా తరం విశాఖపట్నం ఆకాశవాణిలో శ్రోతలు కోరిన పాటలు విని, తెలియని మాటకు అర్థం అమ్మనో అమ్మమ్మనో అడిగి నేర్చుకుంది. వెన్నెల, వాన, అలక, అప్పగింత, పంట, ప్రయాణం, చావు, దేవుడు, అన్నిటికీ ఇంటి మాటల కన్నా మంచి మాటలు మాకు పాటల చరణాల్లో దొరికాయి.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి తెలుగు పాటలను ఒడియా లిపిలో రాసుకుంటుంది. ఆమె నోటు పుస్తకంలో పాత పాట ఒక్కోటి రెండు పుటలు పడుతుంది. పక్కన పెన్సిలుతో మాటల అర్థాలు ఉంటాయి. కొత్త పాట అరపుటలో అయిపోతుంది. ఒకే వరుస రాసి, పక్కన ఎన్నిసార్లు పాడాలో అంకె వేసుకుంటుంది. అర్థం రాసుకోవలసిన మాట అందులో ఉండదు. ఈ మధ్య ఒక పోటీకి కొత్త పాట నేర్చుకుంటూ, ‘మాస్టారూ, దీనికి రెండో చరణం నాకు దొరకలేదు, మీ దగ్గర ఉందా?’ అని అడిగింది. అసలు రాయలేదమ్మా అని చెప్పవలసి వచ్చింది. హైదరాబాదులోనో, విజయవాడలోనో ఉన్న పిల్లలకు తెలుగు నేర్చుకోవడానికి వేరే దారులు ఉన్నాయి. గుణుపురంలో, రాయగడలో, జయపురంలో ఉన్న మా పిల్లలకు ఒక చరణం తగ్గితే తెలుగు అంతమేరకు తగ్గినట్టే.

ఏం చేయవచ్చునంటే, మొదటిది ఆ లెక్కను మార్చమని అడగడం. పంపిణీ నియమాలు రాతి మీద చెక్కినవి కావు. 2021లో సౌండ్‌క్లౌడ్ అనే మరో స్ట్రీమింగు సేవ, ఒక్కొక్క శ్రోత కట్టిన చందా అతడు విన్న కళాకారులకే చేరే పద్ధతిని మొదలుపెట్టింది. స్పాటిఫై కూడా 2024 నుంచి, ఏడాదిలో వెయ్యి వినికిడులు రాని పాటకు సొమ్ము చెల్లించడం మానేసింది. తమకు అవసరమైనప్పుడు నియమాలు మార్చగలవారు, విన్న నిమిషాలను బట్టి వాటా కట్టడం మొదలుపెట్టలేరా? ఎవరు ఎంతసేపు విన్నారో వాళ్ళ దగ్గర సెకను లెక్కతో సహా ఉంటుంది. గీత రచయితల, సంగీత దర్శకుల సంఘాలు ఈ కోరికను గట్టిగా ముందుకు తేవాలి.

రెండోది అంతకన్నా తేలిక. సినిమాలో, రీల్సులో ఎంత ముక్క కావాలో అంతే వాడుకోండి. కవి చేత రెండు చరణాలూ రాయించి, పూర్తి పాటను వేరుగా విడుదల చేయండి. రికార్డులో చోటు లేదు, క్యాసెట్టులో టేపు లేదు అన్న రోజులు పోయాయి. ఇప్పుడు చోటుకు కరువు లేదు. టీవీ పాటల పోటీల్లో పల్లవి, ఒక చరణం పాడించి ఆపేసే అలవాటు మానితే ఊరూరా పిల్లలు రెండో చరణం నేర్చుకుంటారు.

మూడోది మీ చేతిలో ఉన్న పని. మీ ఆదివారం పుటల్లో కథానాయిక బొమ్మ వేసే చోటులో కొంత తగ్గించి, వారానికి ఒక పాట పూర్తి సాహిత్యాన్ని, రాసినవారి పేరుతో, కఠిన పదాలకు అర్థాలతో అచ్చువేయమని కోరుతున్నాను. కొత్త పాటల్లోనూ రెండు మూడు చరణాలున్నవి వస్తూనే ఉన్నాయి; వాటిని వెతికి ముందు వేయండి, రాసినవారికి ఉత్సాహం వస్తుంది. మీ పత్రిక విశాఖ నుంచి పొద్దున్న బండికి బరంపురం వస్తుంది. ఆ పుట వచ్చిన వారం దాన్ని మా పిల్లల చేత తెలుగు అక్షరాల్లోనే చదివించి, చివరి చరణం దాకా పాడించే పని నాది.

ఇట్లు,
ఒక సంగీత ఉపాధ్యాయుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా